అయన్ ర్యాండ్ నవలలూ, మన ఇంటి లెక్కలూ

హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళకి ‘ఫౌంటెన్‌హెడ్’ గుర్తుండే ఉంటుంది. చదవకపోయినా కనీసం చూసి ఉంటారు. ఇటుకంత మందం, చీమ తలకాయంత అక్షరాలు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ, ఊడిపోయిన అట్టకి సెల్లోటేపు. గదిలో ఒకరు అది చదవడం మొదలుపెడితే వారం రోజులు వాళ్ళతో మాట్లాడలేం. చదివి లేచాక నెల రోజులు మాట్లాడలేం! ఈ రోజు మెస్సులో పప్పు బాగుందే అంటే, “అది నీ అభిప్రాయమా, నలుగురూ అన్నారని నువ్వూ అంటున్నావా?” అని నిలదీసేవాళ్ళు.

ఆ రచయిత్రి పుస్తకాలు ఇప్పుడు ఇంకో దారిలో మన ఇళ్ళకి వస్తున్నాయి. ఇక్కడ అమెరికాలో కొన్ని స్కూళ్ళలో పిల్లల చేత అయన్ ర్యాండ్ రాసిన ‘ఆంథెమ్’ చదివిస్తారు. ఆవిడ పేరు మీద ఉన్న సంస్థ టీచర్లకి పుస్తకాలు ఉచితంగా ఇస్తుంది, పిల్లలకి వ్యాసరచన పోటీలు పెట్టి డబ్బు బహుమతులిస్తుంది. మా అమ్మాయి కూడా ఎనిమిదో క్లాసు ఇంగ్లిషు కోసం ఈ ఏడాది తెచ్చుకుంది. సన్న పుస్తకమే కాబట్టి రెండు రోజుల్లో అయిపోయింది. మూడో రోజు గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దమంటే, “నేను తిన్న ప్లేటు ఒక్కటేగా నాది?” అని ఆ ఒక్క ప్లేటూ కడుక్కుని వెళ్ళిపోయింది. ఈ నెల ఈ కబుర్లు ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ముందు ఈ పుస్తకాల్లో ఉన్న మంచి చెప్పుకుందాం. లేకపోతే ఇన్నేళ్ళుగా ఇంతమంది ఎందుకు చదువుతారు?

‘ఫౌంటెన్‌హెడ్’ 1943లో వచ్చింది. దాన్ని పన్నెండు మంది ప్రచురణకర్తలు వద్దన్నారు. హీరో హోవర్డ్ రోర్క్ ఆర్కిటెక్టు. పాత గ్రీకు, రోమన్ భవనాలకి నకళ్ళు గీయనన్నందుకు కాలేజీలోంచి పంపించేస్తారు. తనకి నచ్చని ఇల్లు కట్టడం కన్నా రాళ్ళ క్వారీలో కూలి చెయ్యడం నయమనుకునే మనిషి. అందరికీ గుర్తుండేది రోర్కే గానీ, నా దృష్టిలో ఆ నవల ప్రాణం పీటర్ కీటింగ్‌లో ఉంది. కీటింగ్‌కి బొమ్మలు గీయడం ఇష్టం. వాళ్ళమ్మ ఆర్కిటెక్చర్ చదవమంటుంది, చదువుతాడు. ఒకమ్మాయిని ప్రేమించి, పైకి రావడానికి పనికొచ్చే ఇంకో అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు. అన్నీ సాధిస్తాడు, ఒక్కటీ తనది కాదు. నలభైకి దగ్గరవుతుండగా ఎవరికీ చెప్పకుండా మళ్ళీ రంగులు పట్టుకుని, ఆ బొమ్మలు రోర్క్‌కి చూపిస్తాడు. ఆలస్యమైపోయిందంటాడు రోర్క్.

ఇది చదివి గుండె కలుక్కుమనని తెలుగువాళ్ళు ఉంటారా? ఎంసెట్ ర్యాంకు చూసి బ్రాంచి, బ్రాంచి చూసి ఉద్యోగం, ఉద్యోగం చూసి సంబంధం. ఈ వరసలో “నీకేం కావాలి?” అన్న ప్రశ్న ఎక్కడా రాదు. ఆడపిల్లలకైతే అసలే రాదు. నేను బీఎస్సీ కెమిస్ట్రీలో చేరింది కూడా మా ఊరికి దగ్గర్లో ఉన్న ఉమెన్స్ కాలేజీలో ఆ సీటు దొరికింది కాబట్టి. తర్వాత ఇష్టం పుట్టింది, అది వేరే సంగతి. అలాంటి ఇరవయ్యేళ్ళ పిల్లకి ‘నీ బతుకు నీది, దానికి ఎవరి దగ్గరా అనుమతి తీసుకోనక్కర్లేదు’ అని ఒక పుస్తకం చెబితే ఎలా ఉంటుంది? ఏసీ లేని బస్సులో కిటికీ తెరిచినట్టుంటుంది.

‘అట్లాస్ ష్రగ్డ్’ (1957) ఇంకా ముందుకెళ్ళింది. అందులో డాగ్నీ టాగర్ట్ అనే ఆవిడ ఇంజనీరింగ్ చదివి ఒక పెద్ద రైల్వే కంపెనీని నడుపుతుంది. 1957లో! ఆమె కథ పెళ్ళితో ముగియదు. పని బాగా చేసినందుకు ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోదు. మనం చూస్తూ పెరిగిన సినిమాల్లో చదువుకున్న హీరోయిన్‌కి ఇంటర్వెల్ తర్వాత బుద్ధి చెప్పేవాళ్ళు గుర్తున్నారా? వాటి పక్కన డాగ్నీ ఎంత కొత్తగా కనిపించిందో!

ఆ కోపం కూడా ఊరికే పుట్టింది కాదు. అయన్ ర్యాండ్ అసలు పేరు అలీసా రోజెన్‌బామ్. 1905లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. తండ్రికి మందుల షాపు ఉండేది. 1917 విప్లవం తర్వాత బోల్షెవిక్కులు దాన్ని స్వాధీనం చేసుకున్నారు. అందరి మంచి కోసం అన్న మాటతో తన తండ్రి కష్టార్జితం పోవడం, ఇల్లు ఆకలి చూడడం చిన్నతనంలోనే కళ్ళారా చూసింది. ఆ పిల్ల పెద్దయి, ‘నేను’ అన్న మాటే నిషేధమైన సమాజాన్ని ఊహించి 1938లో ‘ఆంథెమ్’ వేసింది. అందులో మనుషులకి మనలాంటి పేర్లుండవు, ఒక మాటకి నంబరు తగిలించి పిలుస్తారు. ప్రతివాళ్ళూ తమని తాము ‘మేము’ అనుకుంటారు. చివరికి హీరో పాత పుస్తకాల్లో ‘నేను’ అన్న మాటని కనుక్కుంటాడు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇరవైలో చదివినప్పుడు నేనూ ఇక్కడే ఆగాను. ఇప్పుడు ఇల్లు నడుపుతూ, పిల్లని పెంచుతూ మళ్ళీ చదివితే వేరే సంగతులు కనిపిస్తున్నాయి.

ఆ ‘ఆంథెమ్’ చివరనే చూడండి. హీరో తనకి తాను ప్రొమీథియస్ అని పేరు పెట్టుకుంటాడు. బాగుంది. అతనితో అడవిలోకి వచ్చిన అమ్మాయికి? ఆమె పేరు కూడా అతనే పెడతాడు, గయా అని. పురాణాల్లో దేవతలందరికీ తల్లి పేరట అది. అప్పటికి ఆమె గర్భవతి. ‘నేను’ కోసం రాసిన పుస్తకంలో ఆమె ‘నేను’ ఏమైనట్టు? మా అమ్మాయిని ఇదే అడిగాను. కాసేపు ఆలోచించి, “ఆమెని ఎవరూ అడగలేదు” అంది.

రోర్క్‌కి తల్లిదండ్రులు లేరు, చుట్టాలు లేరు. ఎవరికీ డబ్బు పంపక్కర్లేదు, ఎవరి ఆపరేషన్‌కీ టికెట్ బుక్ చెయ్యక్కర్లేదు. ‘అట్లాస్ ష్రగ్డ్’లో హాంక్ రియర్డన్ అనే ఉక్కు వ్యాపారికి తల్లి, తమ్ముడు, భార్య ఉంటారు గానీ, ముగ్గురూ జలగలే. ఒక్కరికైనా అతనిమీద నిజమైన ప్రేమ ఉంటే నవల వాదం కుంటుపడుతుంది, కాబట్టి ఉండదు. జలగల్లాంటి చుట్టాల్ని వదిలించుకోవడం కష్టమేమీ కాదు. మనకి కష్టమయ్యేది మంచివాళ్ళతోనే కదా! మన కోసం నిజంగా కడుపు మాడ్చుకున్న తండ్రి మనకి ఇష్టం లేనిది అడిగినప్పుడు ఏం చెయ్యాలి? ఆ ప్రశ్న దగ్గరికి ఆ వెయ్యి పైచిలుకు పేజీలు వెళ్ళవు.

పిల్లలు కూడా ఆ నవలలో దాదాపు కనిపించరు. మేధావులందరూ లోకం వదిలి దాక్కున్న లోయలో బేకరీ నడిపే ఒకావిడ ఉంటుంది, ఇద్దరు చిన్న మగపిల్లలతో. వాళ్ళని పెంచడమే తను ఎంచుకున్న వృత్తి అని డాగ్నీతో చెబుతుంది. ఇల్లు చూసుకునే నాకు ఆ మాట మొదట ఎంత ముద్దొచ్చిందో! ఇంత పెద్ద పుస్తకంలో మన పనిని పని అన్నవాళ్ళు ఒకరున్నారు కదా అని. కానీ ఆవిడకి పేరు కూడా లేదు. రెండు మూడు పేరాల్లో వచ్చి వెళ్ళిపోతుంది. ఆ పిల్లలకి జ్వరం రాదు, ఆవిడకి రాత్రి నిద్ర తక్కువ కాదు.

ఎడ్డీ విల్లర్స్ సంగతైతే మరీ బాధ. డాగ్నీకి చిన్ననాటి స్నేహితుడు, నమ్మకమైన అసిస్టెంటు. మహా ప్రతిభావంతుడు కాదు గానీ నిజాయితీపరుడు. చివరికి మేధావులందరూ లోయలో భద్రంగా ఉంటే, ఎడ్డీ ఎడారిలో ఆగిపోయిన రైలు దగ్గర ఒంటరిగా మిగిలిపోతాడు. అతన్ని తీసుకెళ్ళడానికి ఎవరూ రారు. ఆ పుస్తకం చదివే ప్రతివాళ్ళూ తమని తాము జాన్ గాల్ట్ అనుకుంటారు. లెక్క వేసి చూస్తే మనలో తొంభై తొమ్మిది మందిమి ఎడ్డీలమే.

‘ఫౌంటెన్‌హెడ్’ చివర రోర్క్ తను డిజైన్ చేసిన భవనాల్ని డైనమైట్‌తో పేల్చేస్తాడు, తన ప్లాను మార్చారని. కోర్టులో తన తరఫున తనే వాదించుకుని నిర్దోషిగా బయటపడతాడు. అవి పేదవాళ్ళ కోసం కడుతున్న ఇళ్ళు. అందులోకి రావలసిన ఒక్క కుటుంబం కూడా నవలలో నోరు విప్పదు. ఆ తలుపులకి తాళం ఎప్పుడిస్తారా అని ఎదురుచూస్తున్న ఇల్లాలు ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా, ఆవిడని కోర్టుకి పిలిస్తే ఏమనేదో!

ఇవన్నీ చూశాక నాకు బీఎస్సీ ఫిజికల్ కెమిస్ట్రీ గుర్తొచ్చింది. ఆదర్శ వాయువు పాఠం మీరూ చదివే ఉంటారు. వాయువులో అణువులకి సొంత పరిమాణం లేదనీ, అవి ఒకదాన్నొకటి ఆకర్షించుకోవనీ అనుకుని లెక్క మొదలుపెడతాం. పీడనం తక్కువగా, ఉష్ణోగ్రత ఎక్కువగా ఉన్నంతసేపు ఆ లెక్క చక్కగా సరిపోతుంది. పీడనం పెరిగితే, చల్లబడితే తప్పుతుంది. 1873లో వాన్ డర్ వాల్స్ అనే డచ్ శాస్త్రవేత్త దానికి రెండు సవరణలు చేశాడు. ఒకటి ‘బి’, అంటే ప్రతి అణువుకీ తనదంటూ కొంత చోటు కావాలి. రెండోది ‘ఎ’, అంటే అణువుల మధ్య లాగుడు ఉంటుంది. తర్వాత 1910లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

అయన్ ర్యాండ్ ‘బి’ని పట్టుకుంది, ‘ఎ’ని వదిలేసింది. మన ఇళ్ళలో ‘ఎ’కి లోటు లేదు, ‘బి’ ఎవరికీ గుర్తుండదు. నాకు తోచింది ఇంతే.

పాతికేళ్ళు, మంచి ఆరోగ్యం, మంచి జీతం, బాధ్యతల్లేవు. అప్పుడు పీడనం తక్కువ. ‘నేను’ ఒక్కటీ వేసుకుంటే లెక్క సరిపోతుంది. అందుకే ఆ పుస్తకం ఆ వయసులో అంత నిజమనిపిస్తుంది. పీడనం పెరిగే రోజులు తర్వాత వస్తాయి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మావారికి ఆ పరిస్థితి వచ్చినప్పుడు ఇల్లంతా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాం. 47వ రోజున ఆఫర్ వచ్చింది. మావారి ప్రతిభ వల్లనే వచ్చింది, కాదనను. కానీ ఆ రెజ్యూమేని చూడవలసినవాళ్ళ కంట పడేలా చేసింది మాకు వినాయకచవితి పాట్‌లక్‌లో పరిచయమైన ఒక కుటుంబం. ఆ నెలన్నరా మా అమ్మాయిని స్విమ్మింగ్‌కి దింపింది పక్కింటి పంజాబీ ఆవిడ. వాళ్ళకి మేం ఏమీ కాము. రోర్క్ లెక్కలో వీళ్ళని ఏ కాలమ్‌లో రాయాలి?

పోనీ, ఆ రచయిత్రి బతుకులోనైనా ఆ లెక్క సరిపోయిందా అంటే, అదీ లేదు. 1926లో అమెరికా వచ్చినప్పుడు వీసాకి అండగా నిలబడింది, ఆరు నెలలు ఇంట్లో పెట్టుకున్నది చికాగోలోని బంధువులు. వీసా పొడిగింపు గడువు ముగిసేముందు 1929లో ఫ్రాంక్ ఓకానర్ అనే అమెరికన్ నటుణ్ణి పెళ్ళి చేసుకుంది. ప్రేమించే చేసుకుంది, కానీ ఆ పెళ్ళితోనే ఈ దేశంలో ఉండిపోయే హక్కు వచ్చింది. తర్వాత ఆవిడ సంపాదనే ఇంటికి ఆధారం. ఆయన కాలిఫోర్నియాలో తోట వేసి పూలు పెంచుకునేవాడు. 1951లో ఆవిడ న్యూయార్క్ వెళ్ళాలంటే తోట వదిలేసి వెంట వెళ్ళాడు. మన భాషలో చెప్పాలంటే ఆ ఇంట్లో డిపెండెంట్ ఆయనే! ఇన్ని చేతులు పట్టుకుని నడిచిన మనిషి, తనకెవరూ సాయం చెయ్యలేదన్న అర్థం వచ్చేలా ‘అట్లాస్ ష్రగ్డ్’ చివర తన గురించి రాసుకుంది.

1974లో ఊపిరితిత్తుల కేన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక సోషల్ సెక్యూరిటీ కూడా తీసుకుంది. దీనికి ఆవిడని వెక్కిరించేవాళ్ళు చాలామంది. నేను వెక్కిరించను. పన్నుగా బలవంతాన తీసుకున్నది తిరిగి తీసుకోవడం తప్పు కాదని ఆవిడ 1966లోనే వాదించింది. ఆ వాదన ఆవిడ సిద్ధాంతానికి సరిపోతుందో లేదో గానీ, జబ్బు చేసిన ముసలితనానికి నలుగురి డబ్బు కలిసిన సంచి ఒకటి కావాలన్నది మాత్రం నిజమైంది కదా.

మన పార్టీల్లో కూడా ఈ మాట వింటుంటాం. రెండు సూట్‌కేసులతో దిగాను, అంతా నా కష్టమే అని. కష్టమే, ఎవరు కాదన్నారు? ఆ సూట్‌కేసులో పచ్చడి సీసాలు ఎవరు సర్దారు? ఎడ్యుకేషన్ లోన్‌కి ఎవరి స్థలం కాగితాలు బ్యాంకులో పెట్టారు? పిల్ల పుట్టగానే ఆర్నెల్లు వాళ్ళమ్మ, ఆర్నెల్లు వీళ్ళమ్మ వంతులవారీగా విజిటర్ వీసా మీద వచ్చి, భాష రాని ఊళ్ళో, మంచు కిటికీలోంచి చూస్తూ మనవరాలిని ఎత్తుకుని తిరిగారు కాబట్టే కదా ఆ ఇంట్లో ఇద్దరూ ఆఫీసుకి వెళ్ళగలిగారు!

అయితే దీన్ని పట్టుకుని, చూశావా మన ఉమ్మడి పద్ధతే గొప్ప, ఆ పుస్తకాలు పారెయ్ అంటే నేను ఒప్పుకోను. ‘అందరి కోసం’ అన్న మాట మన ఇళ్ళలో ఎలా పనిచేస్తుందో మనకి తెలియదా? అందరి కోసం సర్దుకునేది సాధారణంగా ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరో కూడా తెలుసు. ఆ బాధ చెప్పడానికి మనకి రష్యా నుంచి ఎవరూ రానక్కర్లేదు కూడా. చలం ‘మైదానం’ 1927 నాటిది. ఓల్గా ‘స్వేచ్ఛ’ 1987లో వచ్చింది. ‘మైదానం’లో రాజేశ్వరి భర్తని వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఆ స్వేచ్ఛకి ఆమె ఎంత కట్టిందో కూడా చలం చెప్పాడు. ‘స్వేచ్ఛ’లో అరుణ పెళ్ళి చేసుకుంటే స్వేచ్ఛ దొరుకుతుందనుకుంటుంది, దొరకదు. బయటికి రావడానికి ఎంత పెనుగులాడాలో ఓల్గా దాచలేదు. రోర్క్‌కి ఆ పెనుగులాటే లేదు, అతను పుట్టడమే స్వేచ్ఛగా పుట్టాడు. ఒకే కోరిక గురించి రాసినా, ఎవరు బిల్లు చూపించారు, ఎవరు దాచారు అన్నదే నాకు ముఖ్యమనిపిస్తుంది.

ఇదంతా ఇంత పట్టుగా ఎందుకు ఆలోచిస్తున్నానంటే, నాకూ ఇప్పుడు అలాంటి లెక్కే ఒకటి వచ్చి పడింది. మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది, రెండేళ్ళు. మంగళ, గురువారాలు సాయంత్రం క్లాసులు. పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ టెస్ట్ ట్యూబు పట్టుకోవాలని నా కోరిక.

“వచ్చే ఏడాది చూద్దాంలే, ఈసారి అమ్మావాళ్ళు వస్తున్నారుగా” అన్నారు మావారు.

“పోయినేడాది పాపకి స్కూలు మారుతోందన్నాం కదండీ. నాకు ఈ ఆగస్టులోనే చేరాలని ఉంది” అన్నాను. ‘నాకు’ అన్న ఆ ఒక్క మాట గొంతు దాటడానికి ఎంత సేపు పట్టిందో! ఆ మాటని నాకు ఇచ్చినవాళ్ళలో అయన్ ర్యాండ్ కూడా ఉంది, ఆ అప్పు ఒప్పుకుంటాను.

మా అమ్మకి ఫోన్లో చెబితే, “ఇప్పుడెందుకే నీకు చదువు, అల్లుడుగారికి ఇబ్బంది” అని మొదలుపెట్టి, చివరికి “సరేలే, నేనొచ్చి ఓ ఆర్నెల్లుంటాను” అంది. డెబ్బైకి దగ్గరపడింది, రెండు మోకాళ్ళూ నొప్పులే. వద్దన్నాను. నా చోటు కోసం ఆవిడ మోకాళ్ళు ఖర్చు పెట్టడం నాకిష్టం లేదు. ఆవిడ కూడా ఒక ‘నేను’ కదా. ఆ రెండు సాయంత్రాలూ వంట, హోంవర్కు మావారి వంతు. మూడు రోజులు గొణిగి, నాలుగో రోజు ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో తనే గీతలు గీశారు. అత్తగారు వచ్చాక ఏమవుతుందో చూడాలి. ఫీజైతే కట్టేశాను.

మీ పిల్లలు ఈ పుస్తకాలు తెచ్చుకుంటే లాక్కోకండి. చదవనివ్వండి, మీరూ పక్కన కూర్చుని చదవండి. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను. ‘ఫౌంటెన్‌హెడ్’లో రోర్క్, డొమినిక్‌ల మొదటి కలయిక ఆమె ఒప్పుకోలు లేకుండా జరుగుతుంది, పైగా దాన్ని ప్రేమ అన్నట్టు రాసింది. హైస్కూలు పిల్లల చేతికి ఆ పుస్తకం వెళ్ళేముందు, అమ్మాయితోనైనా అబ్బాయితోనైనా దాని గురించి మాట్లాడండి. సిగ్గుపడి వదిలేసే విషయం కాదు.

చదవడం అయ్యాక కొన్ని ప్రశ్నలు వెయ్యండి. ఈ కథలో అన్నం ఎవరు వండుతున్నారు? హీరోకి జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? ఎవరి గొంతు మనకి వినిపించలేదు? తర్వాత ఇంకొక్క ప్రశ్న, ఇది పిల్లలు మనల్ని అడగాల్సింది. మన ఇంట్లో ‘నాకు కావాలి’ అనే వీలు ఎవరెవరికి ఉంది? మా ఇంట్లో దీనిమీద రెండు రాత్రులు వాదన జరిగింది. మీ ఇంట్లో ఏం జవాబులు వచ్చాయో రాయండి, వచ్చే నెల మాట్లాడుకుందాం.